మా నాయిన దొంగిలించిన హార్డ్ డిస్క్

ఆ రోజుల్లో కంప్యూటరున్న గదిలోకి చెప్పులేసుకొని పోవడం మాకు చేతకాలేదు. ఎవరూ వద్దనలేదు, మేమే గడప బయట విడిచేవాళ్లం. ఇప్పుడు మేడ్చల్‌లో నా రిపేరు దుకాణానికి వచ్చే పిల్లలు లాప్‌టాప్‌ను బల్ల మీద ధన్‌మని పడేసి, "అన్నా, ఎస్‌ఎస్‌డీ డిటెక్ట్ అయితలేదు, జర జల్ది సూడు" అని చెప్పి మళ్లీ ఫోనులో తల దూరుస్తారు. ఆ మాట చెవిన పడగానే నాకు ముందు నవ్వొస్తుంది. ఆ వెనకే గొంతులో పచ్చి బియ్యపు గింజ అడ్డం పడ్డట్టవుతుంది. (ఇది మాటవరసకు అంటున్నది కాదు. ఆ బియ్యం సంగతి కాస్త ఆగి చెబుతాను.) మిషన్ స్టార్టయ్యేటప్పుడు డిస్కు కనబడకపోతే ఈ పిల్లలకు పోయేది నాలుగు ఫొటోలూ రెండు సినిమాలూ. మా ఇంట్లో ఒక మనిషి పరువు పోయింది. దాన్ని ఎవరూ వచ్చి గుంజుకుపోలేదు కూడా. ఆ మనిషే తన చేతులతో తీసి పటేలు ముందర పెట్టేశాడు. ఆయన మా నాయిన.

అలియాబాద్ దగ్గర కరీంనగర్ రోడ్డు పక్కన మా ఊరి పటేలుకు లారీలు తూచే ధరంకాంట ఉండేది. అంతకు ముందు అక్కడ ఆయన ద్రాక్షతోట. తోట తీసేయించి, నేలకు సమానంగా పెద్ద ఇనుప పలక వేయించి, పక్కన ఒక రేకుల గది కట్టించాడు. ఇసుక లారీయో, కంకర లారీయో, కోళ్ల దాణా లారీయో ఆ పలక మీదికి ఎక్కిందంటే గదిలో కిటికీ, టేబులు, నీళ్లకుండ మీది మూత, అన్నీ కలిసి గజగజ వణికేవి. ఆ వణుకులో ఒక కంప్యూటరు, దాని ముందు నేను. లారీ బరువు చూసి, మీట నొక్కి, చీటీ తీసి డ్రైవరు చేతికివ్వడం నా పని. నాయిన ఆ కాంటకే కావలి. ఒకప్పుడు ఆయన షామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. మోకాళ్లు పట్టేసి నీళ్లలో నిలబడడం కష్టమైపోయాక, పటేలును బతిమాలి ఒక కర్ర, ఒక టార్చిలైటు, ఒక ఈల సంపాదించుకున్నాడు. నా కొలువు కూడా ఆయన బతిమాలి ఇప్పించిందే. "మావోడు మేడ్చల్ల కంప్యూటర్ కోర్సు జేసిండు పటేలా, మిషిన్ల నట్టు నట్టు ఎర్కనే వానికి" అని చెప్పాడట. ఆ నట్టు మాట తర్వాత మా ఇద్దరి మెడకూ చుట్టుకుంది.

కోర్సు చేసిన మాట మాత్రం నిజం. మేడ్చల్ బస్టాండుకు ఎదురుగా, ఒక బట్టల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కి పోయే గదిలో నేర్చుకున్నాను. కోర్సు అయిపోయిన రోజు మా సారు ఎప్పుడో చచ్చిపోయిన ఒక హార్డ్ డిస్కును నా చేతిలో పెట్టి, "ఇది ఉంచుకో, సదివింది యాదికుంటది" అన్నాడు. అరచెయ్యంత ఇనుప డబ్బా, మంచి బరువు. పనికిరాదని తెలియడానికి దాని మీద ఎర్ర రంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేసి ఉంది. మా వాళ్లలో ఎవరికీ పట్టా అనేది లేదు కాబట్టి నేను దాన్నే పట్టాగా భావించి ఇంట్లో గూట్లో, దేవుడి పటం పక్కన పెట్టాను. కాంట కావలి అంటూ ఎప్పుడూ బయటే ఉండే నాయిన దాన్ని గమనించినట్టు లేదు. కొన్నాళ్లకు ఇంటికొచ్చి చూద్దును గదా, మా అవ్వ, అంటే నాయినను కన్నతల్లి, వాకిట్లో కాళ్లు బారజాపి కూర్చొని దాంతో చింతపండు కొట్టి గింజలు తీస్తోంది! "మంచిగున్నదిరా ఇది, చేతిల కుదురుతాంది. రాయి కంటె నయ్యం" అని మెచ్చుకుంది కూడా. నేను లబోదిబోమని దాన్ని లాక్కొని, తుడిచి, పాత తువ్వాలలో చుట్టి, నా రేకుపెట్టెలో బట్టల అడుగున పెట్టాను. అవ్వకు అందకుండా పెట్టానన్న సంతోషంలో, ఒక వస్తువును అలా చుట్టి అడుగున పెడితే చూసేవాళ్లకు ఏమనిపిస్తుందో నాకు తట్టలేదు.

ఆ ఏడు దసరాకు పటేలు ఆయుధపూజ ఘనంగా చేశాడు. ట్రాక్టరుకు, జీపుకు, కాంటకు, చివరికి బావి మోటారుకు కూడా దండలు పడ్డాయి. కంప్యూటరు వంతు వచ్చినప్పుడు నేను టీవీ పెట్టె మీద ఒక బొట్టు, కింది డబ్బా మీద ఒక బొట్టు చాలనుకున్నాను. పటేలు భార్య, మేమంతా పటేలమ్మా అని పిలిచే ఆవిడ, ఒప్పుకోలేదు. "జీపుకు బానెట్ లేపి ఇంజనుకు పెట్టలే బొట్టు? దీనికి పైన పైన పెడ్తె ఎట్ల? ఇప్పు మూత" అంది. పటేలమ్మ చెప్పాక కాదనేదెవరు! నాలుగు స్క్రూలు విప్పాను. అప్పటికే పటేలు పక్కన కొబ్బరికాయ పట్టుకొని ఉత్సాహంగా ఉన్నాడు. ఆ నీళ్లు లోపల పడితే కొలువు పోతుందన్న భయంతో నేను ఒక అట్టముక్క అడ్డంగా పట్టుకొని, కళ్లు కొబ్బరికాయ మీదే పెట్టుకొని నిలబడ్డాను. పటేలమ్మ లోపల ఏం చేసిందో చూడలేదు. మూత బిగించబోతూ తొంగి చూస్తే, లోపలి పెద్ద పలక నడుమ బొటనవేలంత గౌరమ్మ నిటారుగా నిలబడి ఉంది. ఒళ్లంతా పసుపు, నొసట కుంకుమ, పక్కనున్న సన్నటి వైరుకు వేలాడుతూ చిన్న బంతిపూల దండ. బతుకమ్మ పండుగ రోజులు, ఇంటింటా పసుపు ముద్ద గౌరమ్మను చేసుకునే రోజులు కదా, ఇక్కడా ఒకటి పెట్టినట్టుంది అనుకున్నాను. మనసులోనే ఒక దండం పెట్టి మూత బిగించేశాను.

పండుగ పోయింది, జమ్మి ఆకులు ఎండిపోయాయి, మిషన్ బాగానే నడుస్తోంది. ఒక పొద్దున ఇసుక లారీ ఒకటి పలక మీది నుంచి ధడేలుమని దిగింది. గది ఊగింది. తెర నల్లబడింది. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, డిస్కు దొరకలేదు, డిస్కు పెట్టి మీట నొక్కు అని. మీట నొక్కాను. మళ్లీ అదే మాట. ఆఫ్ చేసి, కాస్త ఆగి, ఆన్ చేశాను. స్టార్టయ్యేటప్పుడు డిలీట్ మీట పట్టుకొని నీలిరంగు సెట్టింగుల తెరలోకి పోయి చూశాను. డిస్కులు ఏమేం ఉన్నాయో చెప్పే వరసలన్నింటిలోనూ 'నన్', 'నన్', అంటే ఏమీ లేదని ఉంది. బయట లారీల హారన్లు మొదలయ్యాయి. నగరంలోని కంపెనీకి ఫోన్ చేస్తే అవతల ఒక సారు విసుగ్గా ఎత్తాడు. మూత విప్పమన్నాడు, విప్పాను. "వెడల్పుగ, బూడిద రంగు పట్టీ లెక్క వైరుంటది. దాని కొసకు ఇనుప డబ్బా ఉంటది. దాన్ని పీకి మళ్ల గట్టిగ పెట్టు" అన్నాడు. నేను చూశాను. "పట్టీ వైరు ఒక్కటే ఉంది సార్, అది ఫ్లాపీకి పోయింది. ఇనుప డబ్బా ఉండాల్సిన గూడు ఖాళీగుంది" అన్నాను. "ఖాళీనా? మంచిగ సూడు భాయ్. లోపట ఇంకేమున్నది?" "గౌరమ్మ ఉంది సార్." "ఏందీ?" "గౌరమ్మ సార్. పండుగకు పెట్టిండ్రు." "డిస్కు లేకుండ ఇన్ని దినాలు ఎట్ల నడిసింది మిషిను? ఎవడో పీకేసిండు. మీ సేటుకు చెప్పు, కొత్తది పంపిస్తం. అప్పటిదాక గౌరమ్మకు దండం పెట్టుకో" అని ఫోన్ పెట్టేశాడు.

పటేలు వచ్చి గదిలో నిలబడి, "ఏమైందిరా?" అన్నాడు. నేను నా చదువంతా గొంతులోకి తెచ్చుకొని, నిపుణుడిలా చూపుడువేలు పెట్టి, "హార్డ్ డిస్కు ఈడ ఉండాలె పటేలా. లేదు. తీసిండ్రు" అన్నాను. నాకు ఇప్పటికీ మండుకొచ్చేది ఇక్కడే. నా నోటితో, నా వేలితో, ఎవరూ అడగకుండానే దొంగతనం జరిగిందని సాక్ష్యం చెప్పాను! పటేలు ఆ ఖాళీ గూటి వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. "ఇప్పుడు తెలిసింది" అన్నట్టు మెల్లగా తల ఊపాడు. "దీని మూత ఇప్పనీకి ఈ ఊర్ల ఎవనికి ఒస్తదిరా?" నాకొక్కడికే వస్తుంది. "రాత్రి ఈడ కావలుండేది ఎవడు?" మా నాయినే. తలుపు దగ్గర నిలబడ్డ నాయిన చేతిలో కర్ర అటూ ఇటూ మార్చుకున్నాడు. "ఠాణాకు పోతె నా ఇజ్జతే పోతది. గండిమైసమ్మ దిక్కు బియ్యం మంత్రించే తాత ఉన్నడు. రేపు పిలిపిస్త. కాంట కాడ తిరిగెటోల్లందరు తినాలె. తీసినోడెవడో ఆ బియ్యమే చెప్తది" అన్నాడు పటేలు. అక్కడున్న గౌరమ్మను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మూత పెట్టబోతూ పటేలే ఒకసారి దండం పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నాయిన ఇంటికి నాకంటే ముందే పోయాడు. నేను పోయేసరికి వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. ధోవతి తొడల దాకా తడిసి ఉంది. "ఎటు పోయినవ్ నాయినా?" అంటే, "చెరువు కాడికి" అన్నాడు. మోకాళ్ల నొప్పులతో చెరువులో దిగవలసిన పనేమిటో నేను అడగలేదు. భయంతో నా బుర్ర పనిచేయడం లేదు. అన్నం దగ్గర కూర్చున్నాం. చేపల పులుసు. నాయిన తన పళ్లెంలోని ముక్క తీసి నా పళ్లెంలో వేశాడు. "తిను" అన్నాడు. ఆయన అన్నం కెలికి చెయ్యి కడుక్కున్నాడు. నా మొహం వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఆయనకు కూడా రేపటి బియ్యం భయం పట్టుకున్నట్టుంది అనుకొని, నేను ఆ ముక్క కూడా తినేశాను.

మర్నాడు కాంట పక్కన చాప పరిచారు. బియ్యం తాత బక్కగా, తెల్లటి మీసాలతో, ఎర్రగుడ్డ మూట పట్టుకొని వచ్చాడు. నన్ను, నాయినను, లారీల దగ్గర బరువులు మోసే హమాలీలను, ఎదురుగా చాయ్ హోటల్ నడిపే మనిషిని వరసగా కూర్చోబెట్టారు. తాత పసుపు కలిపిన బియ్యం పిడికిట్లో పట్టుకొని ఏదో గొణిగాడు. "నిజమున్నోనికి పాలన్నం లెక్క నములుకపోతది. తీసినోని నోట్ల తడి ఊరది, గింజ దిగది" అన్నాడు. ఆ మాట వినగానే నా నోట్లో ఉన్న తడి కాస్తా ఎటు పోయిందో! భయపడితే ఎవరికైనా నోరు ఎండుతుంది, ఇందులో మంత్రం ఏమీ లేదు అని నాకు బాగా తెలుసు. మనసులో పదే పదే చెప్పుకున్నాను కూడా. తెలిసినంత మాత్రాన నోట్లో నీళ్లు ఊరవని ఆ రోజు నేర్చుకున్నాను. (మేడ్చల్ కోర్సులో ఇది చెప్పలేదు.) హమాలీలు కసకస నమిలి మింగేశారు. హోటలాయన ఇంకొంచెం పెట్టినా తినేట్టున్నాడు. నేను నములుతున్నాను, నములుతున్నాను, ఇసుక నమిలినట్టుంది. తాత నా మొహంలో మొహం పెట్టి చూస్తున్నాడు. ఇక లాభం లేదని ఒక్కసారి మింగబోయాను. గింజ అడ్డం పడింది. ఖళ్లున దగ్గు వచ్చి, నోట్లో బియ్యమంతా పోయి ఎదురుగా నిలబడ్డ పటేలు తెల్ల చొక్కా మీద పడింది.

పటేలు చొక్కా దులుపుకొని, "దొరికిండు" అన్నాడు. నేను ఇంకా దగ్గుతూనే ఉన్నాను, కళ్లలో నీళ్లు, ఒక్క మాటా రావడం లేదు. అప్పుడు నా పక్క నుంచి నాయిన లేచాడు. మోకాలి మీద చెయ్యి ఆనించి, మెల్లగా. నోట్లో బియ్యం పక్కకు ఉమ్మేశాడు. "పటేలా, పోరన్నేమనకు. నేను దీసిన" అన్నాడు.

నా దగ్గు ఆగిపోయింది. "నువ్వా? నీకు అది ఎట్లుంటదో తెల్సారా?" అన్నాడు పటేలు. నాయిన రెండు చేతులూ చాపి చూపించాడు. "గింత ఉంటది పటేలా. ఇనుపది. మస్తు బరువు. కింద ఆకుపచ్చగ ఏందో అతికిచ్చి ఉంటది. మీద ఎర్రగ ఇంటు గుర్తుంటది. అమ్ముకుందమని దీసిన. బుగులయ్యి చెరువుల ఇసిరేసిన" అన్నాడు. తడబాటు లేదు, ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. అంత చక్కటి సాక్ష్యం నేనెన్నడూ వినలేదు. ఎర్ర ఇంటూ గుర్తు! అది నా డిస్కు. తువ్వాలలో చుట్టి నేను దాచిన డిస్కు. నిన్న నాయిన ముందుగా ఇంటికి ఎందుకు పోయాడో, ఎవరి పెట్టె వెతికాడో, చెరువులో ఎందుకు దిగాడో, ఆ చేప ముక్క నా పళ్లెంలో ఎందుకు వేశాడో, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. మా నాయిన నన్ను దొంగ అనుకున్నాడు. అనుకొని, నా పక్కన కూర్చొని బియ్యం నమిలాడు.

"పటేలా, అది నాది! మేడ్చల్ల మా సారు ఇచ్చిండు. సచ్చిన డిస్కు అది, ఎందుకు పనికిరాదు" అని అరిచాను. పటేలు నా వైపు తిరిగి, "నీదైతె చెరువులెందుకు ఏసిండు మీ నాయిన?" అన్నాడు. నేను నాయిన వంక చూశాను. పటేలు వదల్లేదు. "నీదైతె నీ ఇంట్ల ఎక్కడ వెట్టినవ్?" "పెట్టెల... బట్టల కింద... తువ్వాలల సుట్టి." "సచ్చినదాన్ని సుట్టి ఎందుకు దాసినవ్?" "మా అవ్వ దాంతోటి చింతపండు కొడుతున్నదని." హమాలీలు పక్కకు తిరిగి భుజాలు ఊపుతూ నవ్వారు. ఏం చేయను, అది పచ్చి నిజం! లోకంలో నా నిజమంత అబద్ధంలా వినబడే నిజం ఇంకొకటి ఉండదేమో. "తండ్రికొడుకులు కల్సి మంచి ఏశం ఏస్తున్నరు" అన్నాడు పటేలు. నాయిన నా భుజం మీద చెయ్యివేసి కిందికి నొక్కాడు. "నువ్వూకో బిడ్డా. నీకేం తెల్వది" అన్నాడు.

పటేలు నాయిన చేతిలోంచి కర్ర, టార్చిలైటు తీసుకున్నాడు. ఈల నాయిన మెడలో దారానికి ఉండేది, ఆయనే తలవంచి తీసి ఇచ్చాడు. కంపెనీ మనిషి వచ్చి కొత్త డిస్కు బిగించేదాకా ఇద్దరూ రోజూ పొద్దున్నే వచ్చి ఇక్కడే కూర్చోవాలన్నాడు. ఆ తర్వాత ఠాణానా, ఊరి పెద్దల ముందరా అన్నది చూస్తానన్నాడు. నాయిన పలక పక్కన మట్టిలో కూర్చున్నాడు. వచ్చే పోయే లారీ డ్రైవర్లు, నిన్నటి దాకా "ఏం పెద్దమనిషీ" అని పలకరించినవాళ్లు, కిందికి చూసి పోతున్నారు. నేను కాంట అంకెల డబ్బాలో బరువు చూసి, కాగితాల మీద చేత్తో చీటీలు రాస్తూ కిటికీలోంచి ఆయన నెత్తిన ఎండ పడడం చూస్తున్నాను. ఒకసారి నీళ్లు పట్టుకొని పోతే తాగి, చెంబు ఇస్తూ, "మంచిగ రాయి, తప్పులు వోవద్దు" అన్నాడు. ఏడుపొచ్చింది. ఆయన మీద అంత కోపం కూడా ఎన్నడూ రాలేదు. నన్ను దొంగ అనుకున్నందుకు నలుగురిలో నిలదీయాలనిపించింది. అట్లా నిలదీస్తే ఆయన చేసిందంతా వృథా అయిపోతుంది. నోరు మూసుకొని చీటీలు రాశాను.

కంపెనీ నుంచి స్కూటరు మీద ఒక సారు వచ్చాడు. ఫోన్‌లో మాట్లాడినవాడు కాదు, ఈ మిషన్‌ను మొదట బిగించిపోయినవాడు. దసరా సెలవులో ఊరికి పోయి అప్పుడే వచ్చాడట. "డిస్కు పోవుడేంది, నా నౌకరిల ఇసొంటి ముచ్చట ఇనలే" అని నవ్వుకుంటూ చెప్పులతోనే గదిలోకి వచ్చేశాడు. మూత తీశాడు. లోపలికి చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఎవడ్రా దీనికి పసుపు రాసింది?" అన్నాడు. వేలు చాపి గౌరమ్మను పట్టుకోబోయాడు. "ముట్టకు! అమ్మవారు!" అని వెనక నుంచి పటేలు కేకేశాడు. "అమ్మవారేంది యార్, ఇదే డిస్కు!" అంటూ సారు గౌరమ్మను రెండు వేళ్లతో పట్టి సాకెట్‌లోంచి పీకేసి, జేబురుమాలుతో తుడిచాడు. పసుపు కింద నల్లటి చిప్పులు, చిన్న అక్షరాలు. బొటనవేలంత పలక. "ఈడ లారీ ఎక్కినప్పుడల్ల గది ఊగుతది గదా. తిరిగే డిస్కు వెడితె ఆ ఊపుకే సచ్చిపోతది. అందుకని తిరగని డిస్కు వెట్టిన. చిప్పులదిది. చప్పుడు కూడ రాదు" అని చెప్పి, బంతిపూల దండ వేలాడుతున్న సన్నటి వైరు ఎత్తి చూపించాడు. దాని కొస ఊడిపోయి ఉంది. "దీనికి కరెంటు ఈ వైరు నుంచే రావాలె. మీరు దండ తగిలిచ్చిండ్రు, లారీలు ఊపినయ్, ఊడింది. ఇంకేం డిటెక్ట్ అయితది!" దండ తెంపి కిటికీలోంచి విసిరేశాడు. పలకను మళ్లీ సాకెట్‌లో గుచ్చి, వైరు పెట్టి, మీట నొక్కాడు. తెర వెలిగింది. అక్షరాలు గబగబా పరుగెత్తాయి. కాంట బొమ్మ వచ్చి నిలబడింది.

పటేలు కాసేపు ఆ తెరనే చూశాడు. పలక పక్కన కూర్చున్న నాయినను కేకేసి పిలిచాడు. నాయిన వచ్చి గడప బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. "డిస్కు ఈడనే ఉన్నదంట. ఎక్కడికి పోలేదంట" అన్నాడు పటేలు. నాయిన తెర వంక, సారు వంక, చివరికి నా వంక చూశాడు. అప్పటికి ఎన్నో పూటలయింది ఆయన నా మొహం చూసి. "మరి నువ్వేం దొంగతనం జేసినవ్ రా?" అన్నాడు పటేలు. నాయిన తల గోక్కొని, "ఏమో పటేలా, నాకేమెర్క" అన్నాడు. సారు పగలబడి నవ్వాడు, హమాలీలు నవ్వారు, చివరికి పటేలు కూడా నవ్వేశాడు. తప్పయింది అనలేదు, ఆ మాట వాళ్ల ఇళ్లలో మా వాళ్లతో అనేది కాదు. టార్చిలైటు, కర్ర, ఈల టేబులు మీద పెట్టి, "తీస్కో" అన్నాడు. నాయిన తీసుకున్నాడు. తీసుకోక ఏం చేస్తాడు, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. కాని ఆ తర్వాత ఆ కాంట దగ్గర పనిచేసినన్నాళ్లూ ఆ గది గడప లోపల ఆయన మళ్లీ కాలు పెట్టలేదు. వానొస్తే రేకు చూరు కింద నిలబడేవాడు.

ఇంటికి పోయాక అవ్వ కథంతా విని నుదురు కొట్టుకుంది. "గా చింతపండు కొట్టే డబ్బనా? నన్నడిగితె జెప్తుంటి గదరా! మంచి డబ్బను చెరువుల వెడితివి" అని తిట్టింది. నాయిన మంచం మీద కూర్చున్నాడు. అవ్వ లోపలికి పోయాక నేను, "నన్నొక్క మాట అడిగితె ఏమాయె నాయినా?" అన్నాను. గొంతు గట్టిగానే లేచింది. ఆయన చాలాసేపు మోకాలు రుద్దుకున్నాడు. "అడిగితె నువ్వు నిజం జెప్తవ్ బిడ్డా. నువ్వే దీసినవని తెల్సినంక, నేను దీసిన అని అబద్ధం ఆడుడు నాకు రాదు. నాకు నోరు తిరగది" అన్నాడు. రెండో మోకాలు పట్టుకొని, "నీకు ముంగట నౌకరీలున్నయ్. నాకేమున్నది" అన్నాడు. నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వాకిట్లోకి పోయి నిలబడ్డాను.

ఎండాకాలం వచ్చి చెరువు నీళ్లు వెనక్కి పోయినప్పుడు, నాయిన అటక మీది విసురువల దింపి, చిరుగులు కుట్టి, భుజాన వేసుకొని పోవడం మొదలుపెట్టాడు. మళ్లీ చేపల మీదికి మనసు పోయిందేమో అనుకున్నాం. చేపలు తెచ్చేవాడు కాదు. ఒక మధ్యాహ్నం బురదకాళ్లతో వచ్చి, నా ముందు ఒక ఇనుప ముక్క పెట్టాడు. బాగా తుప్పు పట్టి, నాచు పట్టి, అరచెయ్యంత ఉంది. "సూడు, గిదేనా? నేను ఇసిరిన తావుల్నే దొర్కింది" అన్నాడు. మోకాళ్లు వాచిపోయి ఉన్నాయి. అది ఎవరిదో బావి మోటారు స్టార్టరు డబ్బా మూత. నట్టు బిగించే బెజ్జం కూడా కనబడుతోంది. హార్డ్‌వేర్ కోర్సు చేసినవాడికి తెలియకుండా ఉంటుందా! నాయిన నా మొహమే చూస్తున్నాడు. "ఎండలవెడితె మల్ల పని జేస్తదా?" అని అడిగాడు.

ఇప్పుడు ఆ మూత నా దుకాణంలో బిల్లుల కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంటుంది. నాయిన పోయి చాలా ఏళ్లయింది. ఎప్పుడైనా పని లేక దాని వంక చూస్తూ కూర్చుంటే, ఖాళీ గూట్లోకి వేలు పెట్టి "తీసిండ్రు" అని చదువు చూపించుకున్న ఆ పిల్లవాడు యాదికొచ్చి, వాణ్ణి చూసి నవ్వుకుంటాను. పాపం వాడికి ఒక్క గింజ మింగడం చేతకాలేదు. కాని వాడే ఆ మధ్యాహ్నం ఆ తుప్పు ముక్కను రెండు చేతులతో తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, "అదే నాయినా, గిదే. ఆరినంక మంచిగ పని జేస్తది" అన్నాడు. గొంతులో ఏదీ అడ్డం పడలేదు.